వాడిన వంటనూనె: కడుపులోనికా, ఇంజనులోనికా?

సాయంకాలము ఐదు గంటలు దాటిన పిమ్మట మార్కాపురములో గాని, కంభములో గాని, గిద్దలూరులో గాని బజారు వెంట నడచినవారికి మిరపకాయ బజ్జీల వాసన తగులక మానదు. శనగపిండిలో ముంచిన మిరపకాయ మరుగు నూనెలో పడగానే చేయు చప్పుడు, పైన చల్లిన ఉల్లిపాయ ముక్కలు, పిండిన నిమ్మరసము, వీటి రుచిని కాదనుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. రాత్రి బండి మూయు వేళ బాణలిలో మిగిలిన రెండు మూడు లీటర్ల నల్లని నూనె ఏమగును అన్నదే మన ప్రశ్న. ఇంతవరకు దానికి మూడు దారులున్నవి. మరునాడు కొంత కొత్త నూనె కలుపుకొని మరల పొయ్యి మీదికి ఎక్కుట ఒకటి. మురుగు కాలువలో కలియుట రెండవది. తక్కువ ధరకు అమ్ముడుపోయి మరొకరి బాణలిలోనికి చేరుట మూడవది. ఇటీవలి సంవత్సరములలో నాలుగవ దారి తెరచుకొన్నది. ఆ నూనెను బయోడీజిల్‌గా మార్చి ఇంజనులలో మండించుటయే అది.

ఆరోగ్య పత్రికలో ఇంజనుల మాట ఏల అని కొందరు పాఠకులకు తోచవచ్చును. వంటగది నుండి వెలుపలికి పోవు నూనెకు నమ్మదగిన గమ్యము లేనంతకాలము అది తిరిగి ఎవరో ఒకరి విస్తరిలోనికి వచ్చుచునే ఉండును. మన ఇంటి నూనెను మనము పారబోయగలము. పగలంతా కూలిపని చేసి, పొట్లము పునుగులతో ఆకలి తీర్చుకొను మనిషికి బాణలిలోని నూనెను ఎంచుకొను వీలు లేదు. కనుక ఇది వైద్యమునకు చెందిన విషయమే.

మరిగిన నూనెలో జరుగు మార్పులు

వేపుడుకు నూనె సాధారణముగా 160 నుండి 190 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కును. ఆ వేడిలో మూడు మార్పులు ఒకేసారి జరుగును. పిండిలోని తేమ ఆవిరియై నూనె గుండా పైకి వచ్చునప్పుడు నూనె అణువులను చీల్చి, కొవ్వు ఆమ్లములను విడిగా వదలును. పాత నూనె త్వరగా పొగలు క్రక్కుటకు ఇది ముఖ్య కారణము. రెండవది, గాలిలోని ప్రాణవాయువు నూనెతో కలియుట. కనరు వాసన దీని వలననే వచ్చును. వాసనతో పాటు విషగుణము గల ఆల్డిహైడులు కూడ పుట్టును. అతిగా కాగిన నూనె దగ్గర నిలుచున్నవారి కన్నులు మండుటకు ఎక్రోలిన్ అను అట్టి పదార్థమే కారణము. మూడవది, చీలిన అణువులు ఒకదానికొకటి అతుకుకొని పెద్దవగుట. బాణలి అంచున బంకవలె పట్టి, ఎంత తోమినను వదలని గోధుమరంగు పొర గృహిణులందరికిని తెలిసినదే. అది ఈ మూడవ మార్పు వలన ఏర్పడినది. నూనె చిక్కబడుటకును, నురుగు అణగకుండుటకును కూడ ఇదే మూలము.

ఇట్లు పుట్టిన పదార్థములను శాస్త్రజ్ఞులు ధ్రువ సమ్మేళనములని వ్యవహరింతురు. వాటి మొత్తము నూనెలో 25 శాతమునకు మించరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ నిర్ణయించినది. 2018 జూలై 1 నుండి ఈ నిబంధన అమలులో ఉన్నది. దీనిని కొలుచుటకు ఉష్ణమాపకము వంటి చేతి పరికరములు కూడ వచ్చినవి. వేడి నూనెలో ముంచిన కొద్దిసేపటికే అంకె చూపును. మన ఇండ్లలో అవి ఉండవు. కన్ను, ముక్కు చాలును గాని రంగునొక్కదానినే నమ్మరాదు. శనగపిండి, కారము రాలిన నూనె ఒకటి రెండు వాయిలకే నల్లబడవచ్చును. పిండి రాలని పదార్థములను వేయించిన నూనె తేటగా కనిపించుచునే లోపల చెడియుండవచ్చును. మునుపటికన్న తక్కువ మంటకే పొగ వచ్చుట, వాయి తీసిన పిమ్మట కూడ నురుగు అణగకుండుట, గరిట నుండి తేనెవలె సాగుచు జారుట, వీటిలో ఏ ఒక్కటి కనిపించినను ఆ నూనెను తినుటకు వాడరాదు.

దగ్ధపాకము

ఔషధ తైలములను కాచు విధానమును ఆయుర్వేద గ్రంథములు ఎంతో శ్రద్ధతో వర్ణించినవి. నువ్వులనూనెలో కల్కమును, కషాయమును చేర్చి కాచునప్పుడు ఏర్పడు పాకమును మృదువు, మధ్యమము, ఖరము అని మూడు విధములుగా చెప్పినారు. కల్కమును వ్రేళ్ళ మధ్య నలిపినప్పుడు అది వత్తిగా ఒదుగునో లేదో, నిప్పులో వేసినప్పుడు చిటపటలాడునో లేదో, తైలములో నురుగు ఎప్పుడు పుట్టునో చూచి వైద్యులు పాకమును నిర్ణయింతురు. ముక్కులో వేయుటకు మృదుపాకము, ఒంటికి రాచుకొనుటకు ఖరపాకము తగునని శార్ఙ్గధర సంహిత చెప్పుచున్నది. ఖరమును కూడ దాటి మాడినది దగ్ధపాకము. అది దాహమును పుట్టించును, ప్రయోజనము లేనిది అని ఆ గ్రంథము దానిని తోసివేసినది. వైద్యుడు ఒంటికి రాచుటకే పనికిరాదన్న స్థితిలోని నూనెను మనము కడుపులో వేసికొనుచున్నాము! వాగ్భటుడు కూడ అష్టాంగహృదయములో విడువవలసిన భోజనములను చెప్పుచు, మరల వేడిచేసిన దానిని వాటిలో చేర్చినాడు.

ఆల్డిహైడుల సంగతి మన ప్రాచీనులకు ముందే తెలియునని చెప్పుట అతిశయోక్తి యగును. నిప్పు మీద నూనె గుణము మారుననియు, ఆ మార్పును ఇంద్రియములతో గుర్తించుటకు లక్షణములున్నవనియు వారు గమనించినారు. మనకు కావలసినది కూడ ఆ గమనింపే.

వేపుడు తిని కడుపు బరువెక్కిన రోజున పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు శొంఠి, కొద్దిగా సైంధవలవణము కలిపి త్రాగుట మన ఇండ్లలో ఉన్న అలవాటే. వాము నమిలి గోరువెచ్చని నీరు త్రాగువారును కలరు. రెండును అజీర్ణమునకు కొంత ఉపశమనము నిచ్చును. ఆ పూట భోజనము మానుకొనుట వీటికన్న మేలు. అయితే చెడిన నూనెలోని దోషమును మజ్జిగ కడిగివేయునని ఎవరును భ్రమపడరాదు. ఇట్టి నూనెను ఏండ్ల తరబడి తినుటకును, రక్తపోటు, రక్తనాళములు పూడుట, కాలేయ వ్యాధులకును సంబంధమున్నదని పైన చెప్పిన ప్రాధికార సంస్థయే హెచ్చరించినది. దానికి గృహవైద్యము లేదు. ఆ నూనె వంటగది నుండి పోవుటయే వైద్యము.

వల కన్నులు పెద్దవి

వాడిన నూనెను ఇంధనముగా మార్చుటకు 2018 ఆగస్టు 10న ఆ సంస్థ రూకో అను పేరుతో ఒక పథకమును ప్రారంభించినది. హిందీలో రుకో అనగా ఆగుము అని అర్థము గనుక పేరు బాగుగనే కుదిరినది. ఆగస్టు 10 ప్రపంచ జీవ ఇంధన దినము. డీజిల్ ఇంజనును కనిపెట్టిన జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ స్మృతికి సంబంధించిన రోజు అది. 1900 సంవత్సరమున పారిస్ నగరములో జరిగిన మహా ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించినారు. ఇంజనుకు వంటనూనె కొత్త ఆహారము కాదన్నమాట.

రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడు వ్యాపారులు, 2019 మార్చి 1 నుండి, ఎంత నూనె కొన్నదియు, ఎంత వాడినదియు, మిగిలినది ఎవరికి ఇచ్చినదియు పుస్తకములో వ్రాయవలెనని, వాడిన నూనెను గుర్తింపు పొందిన సేకరణదారులకే ఇవ్వవలెనని నిబంధన వచ్చినది. అదే సంవత్సరము ఆగస్టు 10న ప్రభుత్వ చమురు సంస్థలు మూడును, వాడిన వంటనూనెతో తయారైన బయోడీజిల్‌ను 100 నగరములలో కొనుటకు ముందుకు వచ్చినవి. తొలి ఏడాది లీటరుకు 51 రూపాయలు ఇచ్చుటకు ఒప్పుకొన్నవి. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతము బయోడీజిల్ కలుపవలెనన్న లక్ష్యము 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానములో ఉన్నది. 2025లో ఇండియన్ ఆయిల్ వారి పానిపట్టు శుద్ధి కర్మాగారము వాడిన వంటనూనె నుండి విమాన ఇంధనము తయారుచేయుటకు అంతర్జాతీయ ధ్రువీకరణ కూడ పొందినది. అనగా ఈ సరుకుకు గిరాకీ పెరుగునే గాని తగ్గదు.

ఇంత ఉన్నను, పశ్చిమ ప్రకాశమునకు ఈ వల కన్నులు పెద్దవి. రోజుకు 50 లీటర్లు దాటు బాణలి మన బజారులలో ఎన్ని దుకాణములకు ఉండును? చిప్సు, కారప్పూస పెద్ద ఎత్తున చేయువారికో, పెండ్లిండ్ల ఋతువులో పెద్ద వంటబృందములకో ఉండవచ్చును. రెండు లీటర్లు, నాలుగు లీటర్లు మిగుల్చు బండ్లు, టిఫిను హోటళ్ళు ఆ నిబంధన క్రిందికి రానే రావు. చిన్న వ్యాపారిని పుస్తకములు వ్రాయుమని పీడింపకుండుట న్యాయమే. కాని మన ఊళ్ళలో నూనె అంతయు ఈ చిన్న బాణలులలోనే ఉన్నది. చట్టము బలవంతము చేయని చోట ధరయు, నమ్మకమును పనిచేయవలెను.

నమ్మకము అనుటకు బలమైన కారణము కలదు. 1981లో స్పెయిను దేశములో పరిశ్రమల కొరకు దిగుమతియైన ఆవజాతి నూనెను, తినుటకు వాడకుండునట్లు ఎనిలిన్ అను రసాయనము కలిపి ఉంచినారు. కొందరు వ్యాపారులు ఆ రసాయనమును తీసివేసితిమని చెప్పి, శుద్ధిచేసి, వంటనూనెగా వీధులలో అమ్మినారు. ఇరువది వేల మంది వ్యాధిగ్రస్తులైనారు; వందల మంది మరణించినారు; అనేకులు జీవితాంతము అవిటివారైనారు. 2014లో తైవానులో వాడిన నూనెను, వ్యర్థపు కొవ్వును తిరిగి తినుబండారములలోనికి ఎక్కించిన సంగతి బయటపడి దేశమంతయు అట్టుడికినది. కనుక ఇంధనము కొరకని ఎవరైనను నూనె కొనుటకు వచ్చినప్పుడు, అది నిజముగా ఎక్కడికి పోవుచున్నదో అడుగుట మన హక్కు. రంగు తీసి తేటపరచిన నూనె శుద్ధమైన నూనె కాదు.

ఎక్కడ దొరకును, ఎంత దొరకును

నల్లమలకు తూర్పున ఉన్న ఈ ప్రాంతములో ఊళ్ళు దూరదూరముగా ఉన్నవి. మార్కాపురము నుండి కంభము మీదుగా గిద్దలూరునకు అరవై కిలోమీటర్లకు పైనే. నూనె సేకరణలో అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. ఒక సరుకు ఆటో గిద్దలూరు పోయి వచ్చుటకు ఆరేడు లీటర్ల డీజిల్ కాల్చుననుకొందము. అది పదిహేను కిలోల డబ్బాలు ఇరువది తెచ్చినచో 300 కిలోల నూనె చేతికి వచ్చును, పని గిట్టును. రెండు డబ్బాలే తెచ్చినచో తెచ్చినది 30 కిలోలు, కాల్చినది ఆరేడు లీటర్లు. డ్రైవరు కూలి, సేకరించినవారి శ్రమ దానిపైన. అందువలన వాడిన నూనెను ఏ ఊరికి ఆ ఊరిలోనే కూడబెట్టి, బండి నిండిన పిదపనే కదపవలెను. గుంటూరు – నంద్యాల రైలు మార్గము మీద ఉన్న మార్కాపురం రోడ్డు, కంభము, గిద్దలూరు మూడును బజారు ఊళ్ళే గనుక కూడబెట్టు చోట్లుగా అవి సరిపోవును.

దొరకు చోట్లలో నాణ్యము ఒక్క తీరుగా ఉండదు. టిఫిను హోటళ్ళలో పూరీ, వడ, మైసూరు బజ్జీ వేయించిన నూనె ఉదయము పదింటికి మిగులును, రోజూ వచ్చును, సేకరణకు ఇదే ఆధారము. మిఠాయి దుకాణముల నూనె శుభ్రముగా ఉండును గాని వారు చివరి చుక్క వరకు వాడుకొందురు. రహదారి వెంట ఉన్న ధాబాలలోను, మాంసము వేయించు బండ్ల వద్దను దొరకునది నీరు, ఉప్పు, ముక్కల పొడితో నిండి ఉండును. దానిని వేరుగా ఉంచవలెను. పెండ్లివంటలలో ఒక్కసారే డబ్బా, రెండు డబ్బాలు మిగులును. మార్కాపురము చెన్నకేశవస్వామి తిరునాళ్ళ వంటి రోజులలో పెట్టు అంగళ్ళ నూనె మరునాటికి ఎవరి కంటికిని కనిపించదు. అట్టి రోజులకు ముందే మాట చేసికొని ఉండవలెను.

ఇక ధర. బండి యజమాని నూనెను ఏల పారబోయడో తెలిసికొనక అతనిని నిందించుట మధ్యతరగతివారికి సులువు. ఒక లెక్క వేసి చూతము. అతడు లీటరు 130 రూపాయలకు కొన్నాడనియు, రాత్రికి మూడు లీటర్లు మిగిలినవనియు అనుకొందము. పారబోసినచో 390 రూపాయల నష్టము. సేకరించువారు లీటరునకు 40 రూపాయలు ఇచ్చిరనుకొన్నను వచ్చునది 120. ఇంకను 270 రూపాయలు అతని మీదనే పడును. బయోడీజిల్ ధర ఎంత పెరిగినను వాడిన నూనెకు కొత్త నూనె ధర రాదు. మెథనాలు, రవాణా, కూలి అన్నియు అందులో నుండియే పోవలెను. ఆ 270 రూపాయలను వంద ప్లేట్ల మీద పంచినచో ప్లేటుకు మూడు రూపాయల లోపు. రోజూ కొత్త నూనె పోయు బండి వద్ద ప్లేటుకు మూడు రూపాయలు ఎక్కువ ఇచ్చుటకు తినువారు సిద్ధపడిననే ఈ పని సాగును. డాక్టరు ఫీజుతో పోల్చి చూచినచో ఇది భారము కాదని నా అభిప్రాయము. పలకలకు పేరుబడిన ఊరిలో, ‘నేటి నూనె నేడే మార్చితిమి’ అని తేదీతో వ్రాసి బండికి ఒక పలక తగిలించుట కష్టమును కాదు.

ఎవరు సేకరించవలెను? స్వయం సహాయక సంఘముల మహిళలకు ఈ పని అప్పగించుట మేలని తోచుచున్నది. దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి మన తెలుగునాటనే కలదు. నాటి ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళలు కానుగ గింజలు ఏరి, నూనె తీసి ఇంధనముగా అమ్మినారు. ఆ నూనె వలన తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించినది. సొమ్ము చిన్నదే. కాని ఊరి స్త్రీలు గింజ గింజకు లెక్క ఉంచి దూరదేశపువారిని ఒప్పించగలిగినారన్నది చిన్న విషయము కాదు. వాడిన నూనెకు కావలసినది కూడ అట్టి లెక్కయే.

కానుగ మాట వచ్చినది గనుక ఒక సంగతి. ఆయుర్వేదములో కరంజమని పిలువబడు ఈ చెట్టు నూనెను చర్మరోగములకు పైపూతగా వాడుదురు. పూర్వము దీపములకు కూడ వాడినారు. తినుటకు పనికిరాని నూనె గనుక ఇంధనమునకు తగినదే. 2003లో కేంద్ర ప్రభుత్వము బయోడీజిల్ కొరకు అడవి ఆముదమును పెద్ద ఎత్తున నాటింప సంకల్పించినది. దిగుబడులు రాక ఆ సంకల్పము నీరుగారినది. కొత్త పంట పెట్టుటకన్న, ఉన్న బాణలిలోని నూనెను జారవిడువకుండుట తక్కువ ఖర్చు.

ఇంధనముగా మారు విధము

సేకరించిన నూనెను గుడ్డతో వడకట్టి, కొన్ని రోజులు కదపక ఉంచినచో మడ్డి, నీరు అడుగునకు దిగును. పైనున్న తేట నూనెను వేడిచేసి మిగిలిన తేమను పోగొట్టుదురు. దానిలో మెథనాలును, కొద్దిపాటి క్షారమును కలిపి సుమారు 60 డిగ్రీల వద్ద తిప్పినచో నూనె అణువు విడిపోయి బయోడీజిల్, గ్లిజరిన్ ఏర్పడును. 100 కిలోల నూనెకు ఇంచుమించు 100 కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వచ్చును. గ్లిజరిన్ బరువైనది గనుక అడుగునకు చేరును. వినుటకు ఇంత సులువు. కాని పలుమార్లు మరిగిన నూనెలో విడి కొవ్వు ఆమ్లములు ఎక్కువ. అవి క్షారముతో కలిసి సబ్బుగా మారి, పాత్ర అంతయు గంజివలె గడ్డకట్టును. అట్టి నూనెకు ముందుగా ఆమ్లముతో ఒక విడత పని చేయవలెను. కనుక నూనె ఎంత త్వరగా బాణలి దిగినచో ఇంధనమునకు అంత మేలు. తినువానికిని, ఇంజనుకును ఇక్కడ ప్రయోజనము ఒక్కటే.

ఈ చివరి దశను ఇంటిలో గాని, పెరటిలో గాని ఎవరును ప్రయత్నింపరాదు. మెథనాలు కొద్దిపాటి కడుపులోనికి పోయినను చూపు పోవును, ప్రాణము పోవును. కల్తీసారా మరణములకు కారణమగునది అదే. దాని ఆవిరి సులభముగా అంటుకొనును. బయోడీజిల్ అమ్మకమునకు 2019 నుండి ప్రత్యేక నిబంధనలు కూడ ఉన్నవి. కాకినాడలో 2008 నుండి పెద్ద బయోడీజిల్ కర్మాగారము ఉన్నది గాని, మార్కాపురము నుండి అది సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరము. ప్రస్తుతము మన ప్రాంతమునకు తగినది వడకట్టి, తేమ తీసి, డబ్బాలకు ఎత్తి, గుర్తింపు గల సేకరణదారుకు లారీ లెక్కన అప్పగించుట. స్థానికముగా తయారీ జరుగవలెనన్నచో రసాయన శాస్త్రము తెలిసినవారు, అనుమతులు, అగ్నిమాపక ఏర్పాట్లు ఉన్న చోటనే జరుగవలెను. పామాయిలుతో చేసిన బయోడీజిల్ చలికి గడ్డకట్టు గుణము కలది. మన ఎండలలో ఆ చిక్కు అంతగా ఉండదు.

ఇంటిలో చేయదగినది

ఇంటి నూనె కొద్దిపాటిదే. దానిని మిగులకుండ చేసికొనుటయే మొదటి నేర్పు. వెడల్పు బాణలికి బదులు చిన్నది, లోతైనది తీసికొని, ఆ పూటకు కావలసినంతయే పోయవలెను. పొగ వచ్చువరకు కాచరాదు. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు నూనె చెడుటను త్వరపెట్టును గనుక వాటిని వాడరాదు. రాలిన పిండిని చిల్లుల గరిటతో ఎప్పటికప్పుడు తీసివేయవలెను. ఉప్పును వేయించిన తరువాత చల్లుట మంచిది. ఒకసారి వేయించగా మిగిలిన నూనెను చల్లార్చి, పలుచని గుడ్డలో వడకట్టి, తాలింపులకు, కూరలకు ఒకటి రెండు రోజులలో వాడివేయవచ్చును. మరల వేపుడుకు పెట్టరాదు. పాత నూనెలో కొత్తది కలుపుట వలన పాతది బాగుపడదు; కొత్తది కూడ త్వరగా చెడును.

పనికిరానిదైన నూనెను తూములో పోయుట మన ఇండ్లలో పెద్ద తప్పుగా ఎంచబడదు. వేసవిలో ట్యాంకరు నీటి కొరకు బిందెలు వరుసకట్టు ఊళ్ళలో నీటి మీద నూనె పొర కట్టించుట ఎంత అన్యాయమో చెప్పనక్కర లేదు. గొట్టములు కూడ పూడును. చెట్ల పాదులలో పోసినచో వేళ్ళకు గాలి ఆడదు. పశువుల దాణాలో కలుపుట మరింత తప్పు. ఆ దోషము వాటి పాల వెంట మనకే రావచ్చును. దీపములో వాడవచ్చునా అని కొందరు అడుగుదురు. పొగయు, మసియు ఎక్కువగా వచ్చును. తలుపులు మూసిన గదిలో అసలు పనికిరాదు. సబ్బు చేయవచ్చునన్న మాట నిజమే గాని కాస్టిక్ సోడా చేతులను, కన్నులను కాల్చును గనుక పిల్లలున్న ఇంటిలో ఆ ప్రయోగము తగదు.

ఇంటి నుండి నూనె ఎక్కువగా మిగులునది పండుగలకే. సంక్రాంతికి అరిసెలు, చక్రాలు, కజ్జికాయలు చేసిన ఇంటిలో అర లీటరైనను మిగులును. నలుబది ఇండ్ల వీధిలో కనుమ మరునాడు ఒక్క రోజు సేకరించినచో ఇరువది లీటర్లు, అనగా డబ్బా నిండి పైన మిగులును. వీధికి ఒక డబ్బా, బాధ్యతగా ఒక గృహిణి చాలును. చల్లారిన నూనెను మాత్రమే పోయవలెను. నీరు, చింతపండు పులుసు, కూర అడుగు కలుపరాదు. కిరోసిను గాని, ఇంజను ఆయిలు గాని పోసిన డబ్బాను ఇందుకు వాడరాదు. మూత బిగించి ఎండ తగులని చోట, పిల్లలకు అందకుండ ఉంచవలెను. ఇచ్చిన ఇల్లు, పరిమాణము, తేదీ ఒక చిన్న పుస్తకములో వ్రాసికొని, అప్పగించినప్పుడు తూకము వేయించి రశీదు తీసికొనవలెను. డబ్బాకు నాలుగు వైపుల ‘తినరాదు’ అని చెరగని రంగుతో పెద్ద అక్షరములలో వ్రాయవలెను.